క్వీన్ బుల్లితెరకెక్కిన తీరు: 1970 నుంచి 1975 దాకా

బ్రిటిష్ రాక్ బృందం క్వీన్ ఏ సంవత్సరంలో పుట్టిందని అడిగితే కొందరు 1970 అంటారు, కొందరు 1971 అంటారు. ఆ బృందం టెలివిజన్‌లో మొదటిసారి ఎప్పుడు వచ్చిందన్న ప్రశ్నకూ ఒకే జవాబు దొరకదు. 1973 జులైలో బీబీసీ వారి పాటను వినిపించినప్పుడు తెర మీద వారి ముఖాలు లేవు. 1974 ఫిబ్రవరిలో ముఖాలు కనిపించాయి కానీ, వారి చేతుల్లోని వాయిద్యాల నుంచి వస్తున్నట్టు తోచిన సంగీతం ముందే టేపు మీద సిద్ధమైనది. ఆ ప్రసారపు అసలు టేపును కూడా బీబీసీ తర్వాత చెరిపేసింది. ఇక 1975 నవంబరులో వచ్చిన ‘బొహీమియన్ రాప్సొడీ’ చిత్రాన్ని ప్రపంచంలోనే మొదటి మ్యూజిక్ వీడియోగా చెప్పుకోవడం పరిపాటి అయిపోయింది. అది సరైన మాట కాదు.

ఈ చిక్కుముళ్ళన్నీ ఒకదానితో ఒకటి పెనవేసుకున్నవే. ఆనాటి బ్రిటిష్ టెలివిజన్ సంగీతాన్ని ఏ నిబంధనల మధ్య చూపించేదో, క్వీన్ తన సంగీతాన్ని స్టూడియోలో ఎలా కట్టుకునేదో, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే అవి విడతాయి. వేదిక మీద వాయించడానికి వీలుకానంతగా పొరలు పేర్చిన సంగీతాన్ని, ‘వాయిస్తూ కనిపించాలి’ అని పట్టుబట్టే మాధ్యమంలో చూపించవలసి రావడమే తొలినాళ్ళలో క్వీన్‌కు ఎదురైన అసలు సమస్య అని నా అభిప్రాయం. 1975 నాటి ఆ చిత్రాన్ని ఆ సమస్యకు వారు వెదుక్కున్న జవాబుగా చూడాలి.

కథ క్వీన్ కంటే ముందే మొదలవుతుంది. లండన్ శివారు హాంప్టన్‌లో పెరిగిన బ్రయాన్ మే, బడి స్నేహితుడు టిమ్ స్టాఫెల్‌తో కలిసి ‘1984’ అనే బ్యాండ్ నడిపేవాడు. అది ఆగిపోయాక, ఇంపీరియల్ కాలేజీలో భౌతికశాస్త్రం చదువుతున్న రోజుల్లో, 1968లో వాళ్ళిద్దరూ డ్రమ్మర్ కావాలని కాలేజీ నోటీసు బోర్డు మీద ప్రకటన పెట్టారు. దంతవైద్య విద్యార్థి రోజర్ టేలర్ ఆ విధంగా వచ్చి చేరాడు. ఆ బృందం పేరు ‘స్మైల్’. 1969లో మెర్క్యురీ రికార్డ్స్ ద్వారా వారి సింగిల్ (విడిగా అమ్మే పాట రికార్డు) ఒకటి అమెరికాలో విడుదలై ఎవరి చెవినా పడకుండానే పోయింది. 1970లో స్టాఫెల్ వేరే బ్యాండ్‌లోకి వెళ్ళిపోవడంతో స్మైల్ ముగిసింది.

స్టాఫెల్ ఈలింగ్ ఆర్ట్ కాలేజీలో చదువుకున్నాడు. అక్కడే గ్రాఫిక్ డిజైన్ చదివిన అతని మిత్రుడు స్మైల్ కచేరీలకు తరచూ వచ్చేవాడు. అతని పేరు ఫరోఖ్ బల్సారా. 1946 సెప్టెంబరు 5న జాంజిబార్‌లో ఒక పార్సీ కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు అతన్ని మహారాష్ట్రలోని పంచగనిలో ఉన్న సెయింట్ పీటర్స్ బోర్డింగ్ స్కూలుకు పంపారు. పియానో నేర్చుకున్నదీ, ‘హెక్టిక్స్’ అనే బడి పిల్లల బ్యాండ్‌లో మొదటిసారి వేదికెక్కిందీ, ఫ్రెడ్డీ అనే పిలుపు స్థిరపడిందీ అక్కడే. 1964లో జాంజిబార్ విప్లవం తర్వాత కుటుంబం ప్రాణాలు దక్కించుకుని ఇంగ్లండుకు తరలి, హీత్రో విమానాశ్రయానికి దగ్గరలోని ఫెల్తమ్‌లో స్థిరపడింది. ఫ్రెడ్డీ చదువు ముగిశాక టేలర్‌తో కలిసి కెన్సింగ్టన్ మార్కెట్‌లో పాత బట్టల దుకాణం నడిపాడు. ఐబెక్స్, సోర్ మిల్క్ సీ వంటి బ్యాండ్లలో పాడాడు. స్టాఫెల్ వెళ్ళిపోగానే 1970లో ఆ ఖాళీలోకి వచ్చాడు. బృందానికి ‘క్వీన్’ అనే పేరు పెట్టిందీ, తన ఇంటిపేరును మెర్క్యురీగా మార్చుకున్నదీ అతనే. నలుగురి రాశులను కలిపి బృందపు చిహ్నాన్ని గీసిందీ అతనే. తర్వాత బేస్ గిటార్ వాయించడానికి వచ్చిన జాన్ డీకన్, టేలర్‌ల సింహరాశికి రెండు సింహాలు, మేది కర్కాటకం కనుక ఒక పీత, తన కన్యారాశికి ఇద్దరు దేవకన్యలు, వారందరి మీద రెక్కలు చాచిన ఫీనిక్స్ పక్షి అందులో ఉంటాయి. గ్రాఫిక్ డిజైన్ చదివినవాడు బృందపు దృశ్యరూపాన్ని మొదటి రోజు నుంచే చేతిలోకి తీసుకున్నాడన్నది తర్వాతి కథకు చాలా ముఖ్యం.

మొదటి కచేరీ 1970 జూన్ 27న కార్న్‌వాల్‌లోని ట్రూరో సిటీ హాల్‌లో, రెడ్‌క్రాస్ సహాయార్థం జరిగింది. అది టేలర్ పెరిగిన ఊరు. ఒప్పుకున్నది స్మైల్ పేరు మీద కాబట్టి ప్రకటనల్లో ఆ పేరే పడింది. బేస్ గిటార్ మైక్ గ్రోస్ వాయించాడు. ఆ తర్వాత బ్యారీ మిచెల్ వచ్చి కొన్ని నెలలు ఉన్నాడు. ఆ పైన వచ్చిన డగ్ బోగీ కొద్ది కచేరీలకే పరిమితమయ్యాడు. 1971 తొలి నెలల్లో లెస్టర్ కుర్రవాడు జాన్ డీకన్ వచ్చి చేరాకే ఆ స్థానం నిలబడింది. అతను చెల్సీ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ విద్యార్థి. పేరునూ గాయకుణ్ణీ లెక్కలోకి తీసుకునేవారికి క్వీన్ పుట్టింది 1970లో. ఆ నలుగురి కలయికే క్వీన్ అనుకునేవారికి 1971లో. రెండో లెక్కకే నేను మొగ్గుతాను. ఎందుకంటే తర్వాతి 20 ఏళ్ళు ఆ నలుగురిలో ఒక్కరు కూడా మారలేదు. డెబ్బైల రాక్ బృందాలలో ఇలాంటి స్థిరత్వం అరుదు.

ఈ నలుగురి చదువులను కాస్త ఆగి చూడాలి. భౌతికశాస్త్రం, దంతవైద్యం నుంచి జీవశాస్త్రానికి మారిన చదువు, ఎలక్ట్రానిక్స్, గ్రాఫిక్ డిజైన్. వస్తువును విప్పి చూసి, మళ్ళీ తమకు కావలసినట్టు బిగించుకునే అలవాటు ఉన్నవాళ్ళు వీళ్ళు. దానికి అన్నిటికన్నా మంచి సాక్ష్యం బ్రయాన్ మే గిటార్. దుకాణంలో దొరికే ఫెండర్ కొనే స్తోమత లేక, 1963లో అతనూ, ఇంజనీరుగా పనిచేసే తండ్రి హెరాల్డూ కలిసి ఇంట్లోనే దాన్ని తయారు చేయడం మొదలుపెట్టారు. పూర్తి కావడానికి రెండేళ్ళు పట్టింది. మెడ భాగాన్ని చెక్కింది ఒక పాత ఇంటి నెగడు చుట్టూ ఉండే మహాగని చట్రం నుంచి. ఆ చెక్కలో పురుగులు తొలిచిన రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. మెట్ల గుర్తులుగా పొదిగినవి తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. స్వరాన్ని వణికించే మీట కింద పనిచేసేవి పాత మోటార్‌సైకిల్ ఇంజను వాల్వ్ స్ప్రింగులు. ఆ మీట కొనకు తొడిగింది అల్లిక సూది ముక్క. తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే మూడు పికప్‌లలో దేన్నయినా విడిగా ఆపడానికీ, తరంగదిశను తలకిందులు చేయడానికీ ఒక్కోదానికి రెండేసి స్విచ్చులు ఉన్నాయి. అందువల్లే ఆ ఒక్క గిటార్ ఒకసారి వయొలిన్‌లా, మరోసారి ఇత్తడి బాకాలా పలికేది. మే దాన్ని ప్లాస్టిక్ ప్లెక్ట్రమ్‌తో కాక ఆరు పెన్నీల నాణెంతో మీటేవాడు. డీకన్ కూడా పారేసిన సర్క్యూట్ బోర్డు ఒకటి దొరికితే దానితో చిన్న ఆంప్లిఫయర్ చేసిపెట్టాడు. స్టూడియోలో మే ఎన్నో గిటార్ స్వరమేళాలను దాని ద్వారానే రికార్డు చేశాడు.

ఈ వివరాలకూ టెలివిజన్‌కూ సంబంధం ఉంది. మే ఒక్కో గిటార్ వరుసను విడివిడిగా టేపు మీద వాయించి, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి వాద్యబృందంలా వినిపించేవాడు. మెర్క్యురీ, మే, టేలర్ ముగ్గురూ ఒకే పదాన్ని మళ్ళీ మళ్ళీ పాడి, ముగ్గురి గొంతులను పెద్ద గాయకబృందంగా మలిచేవారు. వినేవారు ఇదంతా సింథసైజర్ (విద్యుత్తుతో రకరకాల ధ్వనులు పుట్టించే వాద్యం) పని అనుకోవచ్చునన్న పట్టింపుతో, తమ మొదటి ఆల్బమ్ అట్ట మీద ఎవరూ సింథసైజర్ వాయించలేదని ప్రత్యేకంగా అచ్చు వేయించారు. పాటలో 10 గిటార్లు వినబడుతుంటే, వేదిక మీద గిటార్ పట్టుకుని నిలబడేది మాత్రం ఒక్కరే.

ఆ మొదటి ఆల్బమ్ రావడానికే చాలా కాలం పట్టింది. 1971లో వెంబ్లీలోని డి లేన్ లీ స్టూడియో తన కొత్త పరికరాలను పరీక్షించుకోవడానికి ఒక బ్యాండ్ కోసం చూస్తుండగా, ఆ అవకాశాన్ని అందిపుచ్చుకుని క్వీన్ నమూనా పాటలు రికార్డు చేసుకుంది. తర్వాత ట్రైడెంట్ సంస్థతో ఒప్పందం కుదిరింది. పెద్ద గాయకులు వాడుకోగా మిగిలిన వేళల్లో, ఎక్కువగా రాత్రిపూట, ట్రైడెంట్ స్టూడియోలో వీరికి చోటు దొరికేది. రాయ్ థామస్ బేకర్, జాన్ ఆంథోనీ నిర్మాతలుగా ఆ విధంగా ముక్కలు ముక్కలుగా పూర్తయిన ఆల్బమ్‌ను 1973 జులైలో రికార్డు సంస్థ ఈఎంఐ విడుదల చేసింది. దానికి వారం ముందు వచ్చిన మొదటి సింగిల్ ‘కీప్ యువర్‌సెల్ఫ్ అలైవ్’ బ్రిటిష్ చార్టులో, అంటే పాటల అమ్మకాల జాబితాలో, చోటే సంపాదించలేదు.

టెలివిజన్‌తో మొదటి పరిచయం ఆ సింగిల్ ద్వారానే జరిగింది. ఆ రోజుల్లో బీబీసీలో రాక్ సంగీతానికి రెండు కార్యక్రమాలు ఉండేవి. 1964 జనవరి 1న మాంచెస్టర్‌లో ఒక పాత చర్చి భవనం నుంచి మొదలైన ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ వారం వారం చార్టుల్లోని సింగిళ్ళను చూపించేది, కుటుంబమంతా కూర్చుని చూసేది. 1971 సెప్టెంబరులో బీబీసీ-2లో మొదలైన ‘ది ఓల్డ్ గ్రే విజిల్ టెస్ట్’ రాత్రి పొద్దుపోయాక వచ్చేది. ఆల్బమ్‌లను శ్రద్ధగా వినే శ్రోతల కోసం ఉద్దేశించినది అది. వాతావరణ సమాచారం చెప్పడానికీ, కార్యక్రమాల మధ్య ప్రకటనలకూ కట్టిన చిన్న స్టూడియోనే దానికి కేటాయించారు. అలంకరణ లేని గోడలు, ఎదురుగా ప్రేక్షకులు లేని గది. ఆ పేదరికమే తర్వాత దాని గుర్తింపు అయింది.

అంత చిన్న గదిలో ప్రతి బ్యాండ్‌నూ వాయింపించడం సాధ్యం కాదు కనుక, కొన్ని పాటలకు పాత నలుపు తెలుపు చిత్రాల ముక్కలను జతచేసి ప్రసారం చేయడం విజిల్ టెస్ట్ వారి పద్ధతి. నిర్మాత మైక్ ఆపిల్టన్ చేతికి బ్యాండ్ పేరు లేని తెల్ల లేబుల్ రికార్డు ఒకటి అందింది. పాట నచ్చి, దానికి పరుగెత్తే రైలు ఉన్న పాత చిత్రం ఒకటి జతచేసి 1973 జులైలో ప్రసారం చేశారు. పాడింది ఎవరో చెప్పండంటూ బీబీసీకి ప్రేక్షకుల నుంచి విచారణలు వచ్చాయి. ఆ పాట ‘కీప్ యువర్‌సెల్ఫ్ అలైవ్’. ఒక బృందం జాతీయ టెలివిజన్‌లో పేరూ ముఖమూ లేకుండా అడుగుపెట్టడం, పాట ఒక్కటే తన బలంతో నిలవడం నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం. క్వీన్ తొలి టెలివిజన్ ‘ప్రదర్శన’ అని దీన్ని అనలేం కానీ, తొలి ప్రసారం ఇదే.

ఆ తర్వాతి నెలల్లో ఈ పాటకూ, ‘లయర్’ అనే మరో పాటకూ ప్రచార చిత్రాలు తీయించారు. ఆగస్టులో షెపర్టన్ స్టూడియోలో మైక్ మాన్స్‌ఫీల్డ్ తీసిన వాటితో బృందం తృప్తిపడలేదు. శరత్కాలంలో వాటినే మళ్ళీ తీశారు. రెండోసారి నేపథ్యం చీకటిగా, దుస్తులూ వెలుతురూ తమ అభిరుచికి తగినట్టు ఉండాలని పట్టుబట్టారు. పేరు లేని బ్యాండ్ తన దృశ్యం విషయంలో ఇంత మొండిగా ఉండడం చూస్తే, 1975లో జరిగింది హఠాత్తుగా తట్టిన ఆలోచన కాదని తెలుస్తుంది.

ఇక అసలు మలుపు 1974 ఫిబ్రవరి 21. దాన్ని అర్థం చేసుకోవాలంటే ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ నడిచిన పద్ధతిని కొంత వివరంగా చెప్పాలి. మన సినిమాల్లో తెర వెనుక గాయకుడు పాడితే తెర మీద నటుడు పెదవులు కదుపుతాడు. అది అందరికీ తెలిసిన ఒప్పందం, అందులో దాపరికం ఏమీ లేదు. బ్రిటన్‌లో అదే పని పెద్ద వివాదం. దుకాణంలో అమ్మే రికార్డునే టెలివిజన్‌లో మోగించి, గాయకులు ఊరికే నోరు ఆడిస్తే, స్టూడియోలో వాయించి కూలి సంపాదించుకునే వాద్యకారుల పొట్ట కొట్టినట్టే అని మ్యుజీషియన్స్ యూనియన్ వాదించింది. ఆ వాదనలో న్యాయం ఉంది. రికార్డులే సరిపోతే వాద్యబృందాలను పిలిచేదెవరు? 1966లో యూనియన్ ఒత్తిడి మీద విడుదలైన రికార్డుకు నోరు కలపడాన్ని బీబీసీ నిషేధించింది. ఆ తర్వాత కుదిరిన ఏర్పాటు ప్రకారం, గాయకులు కార్యక్రమపు వాద్యబృందంతో కలిసి ప్రత్యక్షంగా పాడాలి, లేదంటే ఆ ప్రసారం కోసమే పాటను కొత్తగా రికార్డు చేసి ఆ టేపుకు నటించాలి. ఆ కొత్త రికార్డింగు మూడు గంటల్లో ముగియాలి. యూనియన్ ప్రతినిధి దానికి సాక్షిగా ఉండాలి.

వారాల తరబడి పొరలు పేర్చిన పాటను మూడు గంటల్లో మళ్ళీ చేయడం ఎవరి తరమూ కాదు. అందుకని ఒక దొంగదారి పుట్టింది. వాద్యకారులు స్టూడియోకు వచ్చి, వాయిస్తున్నట్టు కనబడి, ప్రతినిధి టీ తాగడానికో మాట్లాడడానికో పక్కకు వెళ్ళినప్పుడు కొత్త టేపు స్థానంలో అసలు టేపును పెట్టేసేవారు. దీన్ని ఆనాటి ఇంజనీర్లూ సంగీతకారులూ తర్వాతి కాలంలో బాహాటంగానే చెప్పుకున్నారు. యూనియన్‌కు తెలియక కాదు. నిబంధన నిలబడింది, వాద్యకారులకు డబ్బు ముట్టింది, ప్రసారం నడిచింది. కాబట్టి ఆ కాలపు ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ దృశ్యాన్ని చూసి అందులో వినబడేది ప్రత్యక్ష సంగీతమా, కొత్త టేపా, పాత టేపా అని తేల్చడం చాలాసార్లు సాధ్యం కాదు. ‘ప్రదర్శన’ అన్న మాటను ఈ కార్యక్రమం విషయంలో జాగ్రత్తగా వాడాలని నేను అనేది ఇందుకే.

మరో నియమం గాయకులు అందుబాటులో లేనప్పటిది. చార్టులో ఉన్న పాటను పాడినవారు స్టూడియోకు రాలేకపోతే వారు పంపిన ప్రచార చిత్రం వేసేవారు. అదీ లేకపోతే ‘పాన్స్ పీపుల్’ అనే నృత్య బృందం ఆ పాటకు నాట్యం చేసేది. 1974 ఫిబ్రవరి మూడో వారంలో డేవిడ్ బోవీ కొత్త పాట ‘రెబెల్ రెబెల్’ చిత్రం సమయానికి అందలేదు. ఖాళీని నింపడానికి నిర్మాత రాబిన్ నాష్ కొత్త బృందం కోసం ఆరా తీస్తే, ఈఎంఐ ప్రచార విభాగపు అధికారి రోనీ ఫౌలర్ క్వీన్ పేరు ముందు పెట్టాడు. చూపించబోయే ‘సెవెన్ సీస్ ఆఫ్ రై’ అప్పటికి దుకాణాల్లోకే రాలేదు. చార్టు పాటలకే ప్రాధాన్యమిచ్చే కార్యక్రమంలో, అమ్మకానికే రాని పాటకు చోటు దొరకడం ఇక్కడి విశేషం. 21న ప్రసారం జరిగింది, 23న ఈఎంఐ హడావుడిగా సింగిల్‌ను విడుదల చేసింది. పాట చార్టులో 10వ స్థానం దాకా వెళ్ళింది. మార్చి 8న విడుదలైన రెండో ఆల్బమ్ ‘క్వీన్ 2’కు అది బాట వేసింది.

దీన్ని అదృష్టం అని చెప్పి వదిలేసే వ్యాసాలు చాలా ఉన్నాయి. బోవీ చిత్రం అందకపోవడం అదృష్టమే, కాదనను. అయితే ఆ ఖాళీలోకి పిలిచిన వెంటనే వచ్చి నిలబడగల స్థితిలో ఉండడం అదృష్టం కాదు. అప్పటికే ఆ పాట రికార్డయి ఉంది. 1973 చివరి నెలల్లో మాట్ ది హూపుల్ బృందానికి ముందు వాయించే జట్టుగా బ్రిటన్ అంతా తిరిగిన అనుభవం ఉంది. కెమెరా ముందు ఎలా కనబడాలో రెండుసార్లు తీసిన ప్రచార చిత్రాల ద్వారా తెలుసుకున్నారు. ఇంకా ముఖ్యమైన కారణం పాటలోనే ఉంది. మొదటి ఆల్బమ్ చివర చిన్న వాద్య ముక్కగా మాత్రమే వినబడిన ఈ స్వరాన్ని మెర్క్యురీ ఈసారి మూడు నిమిషాలకు లోపు, పియానో పరుగుతో మొదలై ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వని పాటగా మలిచాడు. టెలివిజన్‌కు అనువైన కొలత అది.

ఆ రాత్రి ఎలా ఉందో చూడాలంటే మాత్రం బీబీసీ భాండాగారంలో దొరకదు. రెండంగుళాల వెడల్పు ఉన్న ఆనాటి వీడియో టేపు చాలా ఖరీదైనది. చెరిపి మళ్ళీ వాడుకోవడం టెలివిజన్ సంస్థల నిత్యకృత్యం. పునఃప్రసారాల సంఖ్య మీద సంఘాలతో ఒప్పందాలు ఉండేవి కనుక, ఒకసారి వేసిన పాప్ కార్యక్రమాన్ని దాచి ప్రయోజనం లేదనుకున్నారు. ఇళ్ళలో క్యాసెట్లు వేసుకుని చూసే కాలం ఇంకా రాలేదు. ఆ కార్యక్రమపు మొదటి పుష్కరకాలపు ఎపిసోడ్లలో అధికభాగం ఈ విధంగానే పోయాయి. కొందరు అప్పటి అధికారులను తప్పుపడతారు. వారు పాప్ పాటను వార్తాపత్రికలా ఒక్క రోజు సరుకుగా చూశారనే అనుకుంటాను. ఆ చూపు వల్ల కలిగిన నష్టం మాత్రం పూడ్చరానిది. నేడు క్వీన్ తొలి దృశ్యాలుగా ప్రచారంలో ఉన్నవి ఎక్కువగా ఆ ప్రచార చిత్రాలు, తర్వాతి ప్రసారాలు, హాలండు కార్యక్రమం ‘టాప్‌పాప్’ లాంటి విదేశీ రికార్డింగులు.

1974 అక్టోబరులో విడుదలైన ‘కిల్లర్ క్వీన్’ రెండో స్థానానికి చేరింది. దాన్ని పాడడానికి మళ్ళీ ‘టాప్ ఆఫ్ ది పాప్స్’కు వచ్చినప్పుడు ఉన్నికోటు తొడుక్కుని నిలబడిన మెర్క్యురీ, కెమెరా ఎటు తిరిగితే అటు చూపు తిప్పుతూ, ఒక్కో పదానికి కనుబొమ్మనో చేతినో జోడించి పాడాడు. హాలులో చివరి వరుస దాకా చేరవలసిన హావభావాలను చిన్న తెర కోసం కుదించుకోవడం అతనికి ఎంత త్వరగా పట్టుబడిందో అందులో స్పష్టంగా కనిపిస్తుంది. కానీ సంగీతం వైపు నుంచి చూస్తే ఇబ్బంది పెరుగుతూనే ఉంది. ఆ పాటలో మే గిటార్ స్వరాలు గంటల మోతలా ఒకదాని వెంట ఒకటి పేరుకుంటాయి. తెర మీద మాత్రం అతను ఒక్క గిటార్‌తో నిలబడి, వినబడుతున్నదానిలో మూడో వంతుకైనా సరిపోని వేళ్ళ కదలిక చూపిస్తాడు.

1975 వేసవి చివర వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో మొదలైన ‘బొహీమియన్ రాప్సొడీ’తో ఈ ఇబ్బంది అంచుకు చేరింది. పాట నిడివి 5 నిమిషాల 55 సెకన్లు. మధ్యలోని ఆపెరా భాగంలో ముగ్గురి గొంతులను ఎన్నిసార్లు పొరలు వేశారంటే, మొత్తం ఓవర్‌డబ్‌లు (ముందు రికార్డు చేసినదాని మీద చేర్చే పొరలు) 180 దాకా ఉంటాయని నిర్మాణంలో ఉన్నవారే చెప్పారు. 24 ట్రాకుల టేపు మీద ట్రాకులు చాలక, నిండిన వాటిని కలిపి మరో ట్రాకులోకి దించి, ఖాళీ అయిన చోట మళ్ళీ పాడారు. యంత్రం మీద అన్నిసార్లు నడిచిన టేపు అరిగిపోయి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఆవలి వైపు కనబడేదట. దీన్ని మూడు గంటల్లో యూనియన్ ప్రతినిధి ఎదుట తిరిగి రికార్డు చేయడం అసంభవం. పోనీ అసలు టేపుకే నోరు కలుపుదామంటే, నలుగురు మనుషులు స్టూడియో వేదిక మీద నిలబడి పెద్ద గాయకబృందంలా నటించడం ఎబ్బెట్టుగా ఉంటుంది. పైగా నవంబరు 14న లివర్‌పూల్‌లో బ్రిటన్ పర్యటన మొదలుకావలసి ఉంది. తాము లేకపోతే ఆ ఆపెరా భాగానికి పాన్స్ పీపుల్ నాట్యం చేయవచ్చు.

నవంబరు 10న, పర్యటనకు సాధన చేసుకుంటున్న ఎల్స్‌ట్రీలోనే, అంతకు ముందు ఏడాది రెయిన్‌బో థియేటర్‌లో వారి కచేరీని చిత్రించిన బ్రూస్ గవర్స్‌ను దర్శకుడిగా పెట్టుకుని చిత్రం తీశారు. ఫిల్మ్ మీద కాక వీడియో టేపు మీద, బయటి ప్రసారాలకు వాడే వ్యాన్‌తో, కొద్ది గంటల్లోనే పని ముగించారు. ఆరంభంలో చీకటిలోంచి తేలే నాలుగు ముఖాలు, మిక్ రాక్ తీసిన ‘క్వీన్ 2’ అట్ట మీది ఛాయాచిత్రానికి జీవం పోసినట్టు ఉంటాయి. మనిషి ముఖం పలుముఖాలుగా విడిపోయే చోట కెమెరా కటకానికి ముందు పట్టకం లాంటి గాజు పెట్టారు. ఒక ముఖం ప్రతిధ్వనిలా వెనక్కి వెనక్కి తరగని వరుసగా సాగే చోట, కెమెరాను అది చూపిస్తున్న మానిటర్ మీదికే తిప్పారు. ఇవన్నీ తీస్తున్నప్పుడే చేసినవి, తర్వాత కలిపినవి కావు. రాక్ వాయింపు వచ్చే భాగాల్లో మాత్రం వారు వేదిక మీద వాద్యాలతో కనిపిస్తారు.

ఈ విభజనలోనే ఆ చిత్రపు తెలివి అంతా ఉంది. నలుగురు వాయించగలిగిన చోట వాయిస్తూ కనబడతారు. వాయించడానికి, పాడడానికి మనుషులు చాలని చోట, పాడుతున్నట్టు నటించడం మాని ముఖాలనే పొరలు పొరలుగా పేర్చి చూపిస్తారు. గొంతుల మీద టేపు చేసిన పనిని, ముఖాల మీద కెమెరా చేసింది. ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ రెండేళ్ళుగా అడుగుతూ వచ్చిన నటనకు ఇంతకన్నా నిజాయితీ గల బదులు నాకు కనబడదు. నవంబరు 20న ఆ కార్యక్రమంలోనే చిత్రం ప్రసారమైంది. నెల ముగిసేలోపు పాట మొదటి స్థానానికి చేరి 9 వారాలు అక్కడే నిలిచింది.

పాటకు చిత్రం తీయడం క్వీన్ కనిపెట్టినది కాదు. బీటిల్స్ 1965 చివరి నుంచే ప్రచార చిత్రాలు పంపుతున్నారు. బోవీ చిత్రం అందకపోవడం వల్లనే కదా క్వీన్‌కు ఆ తొలి అవకాశం వచ్చింది! ఆ అలవాటు అప్పటికే పరిశ్రమలో స్థిరపడి ఉంది. తేడా ఎక్కడంటే, గాయకులు రాలేనప్పుడు పంపే ప్రత్యామ్నాయంగా ఉన్న చిత్రాన్ని, పాటను చూపించడానికి ఉన్న ఏకైక సరైన రూపంగా వారు మార్చారు. ఇంతగా అమ్ముడుపోయిన పాటకు అలాంటి చిత్రం ఉండడంతో రికార్డు సంస్థలు కూడా దాన్ని ఖర్చుగా కాక పెట్టుబడిగా లెక్కవేయడం మొదలుపెట్టాయి.

అదే సంవత్సరం డిసెంబరు 24న లండన్ హామర్‌స్మిత్ ఓడియన్‌లో జరిగిన కచేరీని విజిల్ టెస్ట్ వారు బీబీసీ-2లోనూ, అదే సమయంలో రేడియో-1లోనూ ప్రత్యక్షంగా ప్రసారం చేశారు. వ్యాఖ్యాత బాబ్ హ్యారిస్. రెండున్నరేళ్ళ కిందట వారి పాటకు రైలు చిత్రం వేసిన కార్యక్రమం ఈసారి వారికి ఒక థియేటరునే అప్పగించింది. ఇక్కడ టేపు మార్పిళ్ళు లేవు, యూనియన్ సాక్షులు లేరు, వారు వాయించిందే దేశమంతా వింది. చార్టులో మొదటి స్థానంలో ఉన్న ‘బొహీమియన్ రాప్సొడీ’ని ఆ రాత్రి ఇతర పాటల ముక్కలతో కలిపిన మాలికలో భాగంగా వాయించారు, ఆపెరా భాగాన్ని వదిలేశారు. తర్వాతి సంవత్సరాల కచేరీలలో ఆ భాగం రాగానే నలుగురూ వేదిక దిగి లోపలికి వెళ్ళిపోయేవారు. టేపు మోగేది, దీపాలు వెలిగి ఆరేవి. గిటార్ భాగం మొదలవుతుండగా నలుగురూ తిరిగి వచ్చి అక్కడి నుంచి వాయించేవారు.